మారుగొంతులు

పడమటికోట వాడ జనం ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోవడానికి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారన్న సంగతి అక్షితకు హనుమకొండలోని తన ప్రయోగశాలలో తెలిసింది. ముందు నవ్వొచ్చింది. ఆమె ఆ వాడలోనే పుట్టి పెరిగింది. అక్కడ బోరింగు దగ్గర బిందెలు ఏ వరసలో పెట్టాలన్న దాని మీదే ఒక పూటంతా మాటలు నడుస్తాయి. అలాంటి చోట, ఉన్న ఇల్లు వదులుకోవడానికి అందరూ ఒకే మాట మీదికి వచ్చారంటే వాడ మాటను సభకు చేరవేసే తన యంత్రంలో ఎక్కడో ఏదో తిరగబడి ఉంటుందనుకుంది.

తీర్మానం తెర మీద ఉంది. ఓరుగల్లు మట్టికోటకూ రాతికోటకూ మధ్య పడమటి వైపున్న ఇళ్ళన్నీ తీసేస్తారు. ఎప్పుడో పూడిపోయిన కందకాన్ని తవ్వి నీళ్ళు నింపుతారు. గట్ల మీద చెట్లు పెంచుతారు. ఆ నీటి మీదుగా, ఆ నీడల మీదుగా వచ్చే గాలి నగరమంతటినీ చల్లబరుస్తుంది. ఇళ్ళు పోయినవాళ్ళకు ఊరవతల కొత్త కాలనీ. అన్నిటికీ కింద నగరం పచ్చదనం, చలువ పనులు చూసే హరిత మండలి ముద్ర, వాడ సమ్మతి.

ఫోన్ మోగింది. అన్న ఓదేలు.

"చెల్లె, ఆటోల మైకు వెట్టుకొని వాడంత తిరుగుతున్నరు. మేమే పోతమన్నమట. నేనెప్పుడన్ననే గట్ల?"

"ఏదో తప్పు వడ్డదన్నా. నేన్జూస్త."

"సూడు బిడ్డా. నువ్వున్నవని ఇక్కడ అందర్కి జెప్తున్న."

అతని గొంతులో ఇంకా కోపం లేదు. నమ్మకమే ఉంది.

అక్షితను పెంచింది ఓదేలే. తల్లిదండ్రులు పోయేనాటికి అతనికి మీసం కూడా సరిగా రాలేదు. తండ్రి నడిపిన పిండిగిర్నిని తను పట్టుకుని చెల్లెల్ని బడికి పంపాడు, తర్వాత కాలేజీకి, ఆ తర్వాత హైదరాబాదుకు. ఆ గిర్ని వాడకు నడిమధ్యన ఉంటుంది. పొద్దున గోధుమలు, జొన్నలు, ఎండలు ముదిరాక మిరపకాయలు, పసుపు. డబ్బాలు పట్టుకుని వచ్చినవాళ్ళు వంతు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని లోకమంతా మాట్లాడతారు. అక్షిత చదువు సంగతి, ఉద్యోగం సంగతి అన్నీ ఆ అరుగు మీదే వాడకు తెలిశాయి.

ఆమె మారుగొంతును కనిపెట్టడానికి కారణం కూడా ఆ వాడే. కొన్నేళ్ళ కింద మండలి వాళ్ళు వచ్చి వీధి పొడుగునా, ఇళ్ళ పైన సౌరఫలకాలు పరిచారు. కరెంటు వచ్చింది, కాని వాకిళ్ళలో ఎండ పోయింది. మిరపకాయలు, వడియాలు, ఉతికిన బట్టలు ఎక్కడ ఆరబెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. ఒక ఆదివారం ఆడవాళ్ళంతా కలిసి వాటిని ఊడబీకి గోడల పక్కన నిలబెట్టారు. "మమ్మల్ని అడిగితే జెప్పకపోదుమా" అన్నారు. మండలి మాత్రం అడిగామనే అంది. హనుమకొండలో సభ పెట్టారట, ఎవరూ రాలేదట. అక్షిత మరుసటి సభకు వెళ్ళి చూసింది. పట్టపగలు, పనులవేళ. వేదిక మీద అధికారులు, ఎదురుగా ఖాళీ కుర్చీలు. కూలి మానుకుని వచ్చి కందకాల లోతుల గురించి, గాలివాటం గురించి రోజంతా ఎవరు వింటారు? రాని మనిషి మాటను సభకు ఎలా తేవాలన్న ఆలోచన ఆమెకు అక్కడే పుట్టింది.

అలా పుట్టింది మారుగొంతు. అరచేతిలో పట్టే మట్టిగుల్ల, లోపల చిన్న యంత్రం. ఇంట్లో దాన్ని పెట్టుకుని కొన్ని నెలలు దానితో మాట్లాడాలి. దేనికి కోపమొస్తుంది, దేనికి సర్దుకుపోతారు, ఎవరి మాటకు విలువిస్తారు, ఏది పోతే బతకలేరు, అన్నీ అది నేర్చుకుంటుంది. తర్వాత మండలి సభలన్నిటికీ ఆ గొంతు వెళుతుంది. మనిషి పనిలో ఉండగా అతని తరపున అడుగుతుంది, వాదిస్తుంది. సాయంత్రం గుల్లలోంచి అతని యాసలోనే, "ఇయ్యాల నేను గిట్లన్న, సరేనా?" అని చెబుతుంది. కాదంటే దిద్దుకుంటుంది.

వాడ మొదట నమ్మలేదు. ఓదేలు గిర్నిలో గుల్ల పెట్టుకుని, వచ్చినవాళ్ళ ముందే దానితో తగవు పెట్టుకుని, మర్నాడు అది తన మాటే సభలో అన్నదని వినిపించాడు. "మా చెల్లె జేసింది. మన దగ్గర కూసోని చేసింది" అన్నాడు. ఆ మాట మీద ఇంటింటికీ గుల్ల వెళ్ళింది. ఏ అధికారీ పేదవాడి మాటను తోసెయ్యకుండా అక్షిత పట్టుబట్టి నియమం కూడా పెట్టించింది: మారుగొంతు పలికిన మాట మనిషి పలికిన మాటే.

రెండేళ్ళు బాగా నడిచింది. వాకిళ్ళలో ఎండ తిరిగొచ్చింది. ఫలకాలు కోట బయటి బంజరుకు వెళ్ళాయి. పూడిన బావులు తీయించారు. వేరే ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

అక్షిత వాడకు చేరేసరికి గిర్ని ముందు జనం నిండిపోయారు. గిర్ని ఆగి ఉంది. అందరి చేతుల్లో గుల్లలు.

వడ్డికొండ బుచ్చమ్మ ముందుకొచ్చింది. అక్షితను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. "బిడ్డా, ఇను. నా గొంతు ఏమన్నదో నువ్వే ఇను" అని గుల్లను ఆమె చెవి దగ్గర పెట్టింది.

తీర్మానంతో పాటు గుల్లలోకి వచ్చిన సభ మాటల్లోంచి బుచ్చమ్మే మాట్లాడింది. "నా పెనిమిటి ఎండకు పడిపోయి సచ్చిండు. గీ రేకుల కింద ఇంకెంతమందిని సంపుకుందాం? నీళ్ళు రానియ్యిండ్రి. నేన్ పోత."

బుచ్చమ్మ గుల్లను వెనక్కి తీసుకుంది. "మా ఆయన ముచ్చట నేనెవ్వలకూ జెప్పలే బిడ్డా. గా గుల్లతోనే జెప్పుకున్న, గుండె బరువైతే. అది తీస్కపోయి సభల వెడుతదా? నా ఇల్లు నేనే కూలగొట్టుమంటనా?"

"సాయంత్రం చెప్పలేదా పెద్దమ్మా, ఇట్ల అన్నానని?" అని అడిగింది అక్షిత. అడిగాక గుర్తొచ్చింది. నెల రోజులుగా సాయంత్రపు మాటలు ఆగిపోయాయి. ఎండలకు యంత్రాలు వేడెక్కుతున్నాయి, కొన్నాళ్ళు ఆపుదామని ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్ సుభాషిణి అంది. వాడకు వచ్చి, "ఏం కాదు, మీ గొంతులు మీరు నేర్పినట్టే మాట్లాడతయి" అని నచ్చజెప్పింది తనే.

ఓదేలు గిర్ని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "చెల్లె వచ్చింది గదా, తేలుస్తది. లొల్లి జెయ్యకుండ్రి" అన్నాడు అందరితో.

మధ్యాహ్నానికి ఆమె ప్రయోగశాలకు తిరిగి వచ్చింది. సభలో నిలిచిన గొంతులన్నీ అక్కడ ఉంటాయి. అన్న గొంతును పిలిచింది. ఏం అడగాలో తోచక, ఎప్పుడూ ఫోన్లో అడిగేదే అడిగింది.

"అన్నా, గిర్ని ఎట్ల నడుస్తాంది?"

వచ్చిన గొంతు అన్నదే. కాని కొంచెం బొంగురుపోయి ఉంది. మాటకూ మాటకూ మధ్య ఆయాసం.

"గిర్నెక్కడిదే చెల్లె? బందువెట్టి ఎన్నేండ్లాయె. గా ఎండలకు మనుషులే నిలువకపాయిరి, మిరుపకాయ ఎవలు వట్టిస్తరు?"

అక్షిత తెరకు దగ్గరగా జరిగింది. "ఏ ఎండలన్నా?"

"నీకెర్కలేదా? బుచ్చమ్మవ్వ పోయిన ఏడు గూడ మనం ఇంట్లకెల్లి బయటికి ఎల్లలే. అవ్వను మోస్కపోతానికి పొద్దుగూకేదాక ఆగినం."

పొద్దున తన చెవి దగ్గర గుల్ల పెట్టిన బుచ్చమ్మ చేతి వెచ్చదనం ఇంకా చెంప మీదే ఉన్నట్టుంది. అక్షిత ఇంకో గొంతును పిలిచింది, ఇంకో దాన్ని. అన్నీ ముసలివైపోయాయి. అన్నీ ఇంకా రాని వేసవులను గుర్తు చేసుకుంటున్నాయి. చనిపోనివాళ్ళ కోసం ఏడుస్తున్నాయి.

సుభాషిణి గది తలుపు తీసే ఉంది. అక్షితకు పాఠం చెప్పిన మనిషి ఆమె. మారుగొంతు ఆలోచనను అందరూ కొట్టిపారేసినప్పుడు తన ప్రయోగశాల ఇచ్చిన మనిషి. జ్వరం వస్తే ఇంటికి తీసుకెళ్ళి చారన్నం పెట్టిన మనిషి.

"చూశావా?" అంది సుభాషిణి. దాచాలని కూడా చూడలేదు. "కూర్చో."

"ఏం చేశారు మేడం?"

"వాళ్ళ నోట్లో ఒక్క మాట కూడా పెట్టలేదు. వయసు పెంచానంతే. రాబోయే ఇరవై వేసవుల్ని వాళ్ళ మీదుగా నడిపించాను. అవన్నీ చూశాక వాళ్ళేమంటారో అది సభలో అననిచ్చాను."

"ఎవర్ని అడిగి?"

"ఎవర్ని అడగాలి? ఈవాళ్టి ఓదేలుకి ఈవాళ్టి గిర్ని కావాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఊపిరాడక కూర్చునే ఓదేలు కూడా ఓదేలే కదా! ఆయనకి ఓటు లేదా? ఇప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళు మాత్రమే ప్రజలా అక్షితా?"

"ఆ ఓదేలు ఇంకా లేడు మేడం. మీరు అల్లిన మనిషి. ఆయన చేత మా అన్న ఇల్లు రాయించుకున్నారు."

"అల్లింది నీ యంత్రంతోనే" అంది సుభాషిణి మెల్లగా. "అది మనిషిని ఎంత బాగా నేర్చుకుంటుందో నీకు తెలుసు. నేను అబద్ధమాడించాలనుకుని ఉంటే ఇంత కష్టం ఎందుకు? అవునని అనిపించేస్తే సరిపోయేది."

అక్షిత అప్పుడు కూర్చుంది. ఏళ్ళ తరబడి ఈమె ఎదురుగా ఇదే కుర్చీలో కూర్చుని, జనం మాట జనానిదే కావాలని ఎన్నిసార్లు మాట్లాడిందో. ఈమె ప్రతిసారీ తలూపింది. ఆ తలూపడం అబద్ధం కాదు కాబోలు. అందుకే ఇంకా భయమేసింది.

"ఇంకో సంగతి చెప్పాలి" అంది సుభాషిణి. "నువ్వు ఎలాగూ వింటావు, నా నోటి వెంట వినడమే మంచిది. ఇరవై వేసవులు నడిపించినా వాడ ఒప్పుకోలేదు. మీ అన్నయ్య గొంతు అసలు కదల్లేదు. చస్తే ఇక్కడే చస్తామన్నాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే నిలబడ్డారు. వాళ్ళను ఒప్పించింది నేను కాదు."

"మరి?"

"నువ్వే."

మొట్టమొదటి గుల్లను అక్షిత తన మీదే పరీక్షించుకుంది. ఓటరు జాబితాలో ఆమె పేరు ఇంకా అన్న ఇంటి మీదే ఉంది. ఆ లెక్కన ఆమె గొంతు కూడా సభలో కూర్చుంది. అది ఉందనే ఆమె మర్చిపోయింది. సుభాషిణి తెర మీద ఒక చోట తాకింది.

పెద్దవయసు ఆడమనిషి మాట్లాడుతోంది. వాడ యాసలో, బతిమాలుతూ. "అన్నా, నన్ను సదివిచ్చినవు. సదువుకున్నదాని మాట ఒక్కసారన్న ఇనవా? నువ్వు అడ్డం నిలవడితె వీళ్ళంత నిలవడుతరు. అందరు నీ వల్లనే సస్తరన్నా. నా కోసం ఒప్పుకో."

 ఆ తర్వాత ఓదేలు గొంతు. "నువ్వు జెప్తున్నవ్ గాబట్టి సరే చెల్లె."

మర్నాడు పొద్దున్నే అక్షిత గిర్నికి వెళ్ళింది. అన్న ఒక్కడే బెల్టు సరిచేసుకుంటూ ఉన్నాడు. జరిగిందంతా చెప్పింది. ఆఖరి మాటలు చెప్పకుండా ఉండొచ్చని దారి పొడుగునా అనుకుంది. కాని అన్న ముందు కూర్చున్నాక దాచలేకపోయింది. వినిపించింది.

ఓదేలు బెల్టు వదిలేసి, పిండి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. రెండోసారి కూడా పెట్టమన్నాడు.

"గా మేడం మోసం జేసిందంటే నాకు సమజైతది" అన్నాడు చివరికి. "ఆమె ఎవలో, మనమెవలమో. గని చెల్లె, ఒక్కటి జెప్పు. గా గొంతు నీది గాదు గదా? మిషినే గదా అంతా?"

అవునంటే అయిపోయేది. మిషినే అన్నా, వయసు పెంచి చెడగొట్టిన్రు, అంటే అతను నమ్మేవాడు. నమ్మాలనే చూస్తున్నాడు. కాని అక్షితకు తెలుసు. గుల్లను పరీక్షించే రోజుల్లో, మనసులో ఉన్నదంతా దానితో చెప్పాలి గనుక చెప్పింది. కందకం నిండితేనే ఈ ఊరు బతుకుతుందని, వాడ అడ్డంగా ఉందని, అన్నను ఒప్పించాల్సి వస్తే చదివించిన సంగతి ఎత్తితే చాలు, కాదనలేడని. ఆ మాట అన్నాక తనకే సిగ్గేసి వేరే మాటలోకి వెళ్ళిపోయింది. గుల్ల దాన్ని నేర్చుకుంది.

"నాదేనన్నా" అంది. "గట్లనే అనుకునేదాన్ని. నీ మొఖం మీద అనలేక ఊకున్న."

ఓదేలు లేచాడు. గిర్ని స్విచ్చి వేశాడు. లోపల రాయి ఖాళీగా తిరిగింది, పట్టడానికి గింజ లేదు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినిపించదు. అక్షిత అరుగు దిగి వెళ్ళిపోయింది.

ఆమె మండలి ముందుకు వెళ్ళి అంతా బయట పెట్టింది. గొంతుల వయసు పెంచిన సంగతి, సాయంత్రపు మాటలు ఆపిన సంగతి, ఆ ఆపడాన్ని తానే వాడకు నచ్చజెప్పిన సంగతి. అధికారులు మొదట ఆమె పెట్టించిన నియమాన్నే ఆమెకు చదివి వినిపించారు. మారుగొంతు మాట మనిషి మాటే కదా, ఇక మీరు కాదంటే ఎలా అన్నారు. కాని పత్రికలు ఆ ముసలిగొంతులను వినిపించాయి. బతికున్న మనుషుల చావు కబుర్లు ఆ వాడ గొంతుల్లోనే విన్నాక ఊరు అట్టుడికిపోయింది. మండలి దిగొచ్చి, వాడ జనాన్ని నేరుగా అడుగుతామని చెప్పింది.

ఆ సభ కీర్తితోరణాల ఎదురుగా ఖాళీ జాగాలో జరిగింది. ఈసారి పని వేళలో పెట్టలేదు. అయినా పని మానుకుని మరీ పెందలాడే వచ్చారు. పందిరి చాలక గొడుగులు, తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. గుల్లలు ఎవరూ తేలేదు. బుచ్చమ్మ తన పెనిమిటి చావు సంగతి తన నోటితో చెప్పింది. "గాయన పేరు వెట్టి నా ఇల్లు అడగకుండ్రి. నీడ గావాలె, నీళ్ళు గావాలె, నేన్ గాదంటలేను. నన్ను తీసేసి గాదు" అంది.

ఓదేలు ఎక్కువ మాట్లాడలేదు. "మా తరపున ఇంకెవ్వలు మాట్లాడొద్దు. తప్పో ఒప్పో మేమే మాట్లాడతం" అన్నాడు. కూర్చునే ముందు అతని చూపు చెల్లెలి వైపు వెళ్ళి ఆగలేదు.

వాడ ఖాళీ చేయడానికి ఎవరు సమ్మతమో చేతులెత్తమన్నారు. ఎవరూ ఎత్తలేదు. వద్దనేవాళ్ళను ఎత్తమన్నప్పుడు చేతులన్నీ లేచాయి. అక్షిత పేరు ఆ వాడలోనే ఉంది గనుక ఆమె కూడా వాళ్ళ మధ్యే కూర్చుంది. ఆమె చెయ్యి రెండుసార్లూ ఒళ్ళోనే ఉండిపోయింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అది చూశారు. ఓదేలు కూడా చూశాడు.

కందకాన్ని ఇళ్ళు లేనిమేరకే తవ్వాలని, వాడ పైకప్పులకు తెల్లసున్నం, సందుల మీద తీగల పందిళ్ళు వేయాలని తీర్మానమైంది. సుభాషిణి మీద విచారణ కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. ఆమె రాజీనామా చేసి ఎక్కడో ఉత్తరాదిలో ఒక పాత నగరానికి సలహాదారుగా వెళ్ళిందని, అక్కడ పనులు చాలా తొందరగా సాగుతున్నాయని అక్షిత విన్నది. వెళ్ళే ముందు ఆమె ఫోన్ చేసి, "నీ మీద నాకు కోపం లేదు" అంది. అక్షిత జవాబు చెప్పకుండా పెట్టేసింది.

ఆ వేసవి గట్టిగానే వచ్చింది. సున్నం వేసిన ఇళ్ళు కొంచెం చల్లగానే ఉన్నాయి గాని, చాలినంత కాదు. బుచ్చమ్మ వాకిట్లో పడిపోయింది. అక్షిత ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఇంకా తెలివి పూర్తిగా రాని బుచ్చమ్మ ఆమెను గుర్తుపట్టి, "వడితే వడ్డ గని, నా గడపలనే వడ్డ" అంది. ఆ మాటలో గెలిచానన్న సంతోషం ఉందో, తనను ఓదార్చడం ఉందో, నిందించడం ఉందో అక్షితకు తెలియలేదు. గ్లాసులో నీళ్ళు పోసి అందించింది.

ఉద్యోగం వదిలేసి ఆమె వాడ అంచునే ఒక గది తీసుకుంది. ఓదేలు ఇంటికి పిలవలేదు. ఎవరైనా ఆమె సంగతి ఎత్తితే వేరే మాట మొదలుపెడతాడని తెలిసింది. చెడుగా ఒక్క మాట కూడా అనలేదట.

వానలు పడి గాలి చల్లబడ్డాక ఒక పొద్దున ఆమె గోధుమల డబ్బా పట్టుకుని గిర్నికి వెళ్ళింది. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే మాటలు ఆగాయి. ఓదేలు తొట్టిలో జొన్నలు పోస్తూ తలెత్తాడు. గడ్డం నెరిసింది. ప్రయోగశాలలో తాను విన్న ఆ బొంగురు గొంతు ఇతనికి ఇంకా రాలేదు. ఎప్పుడో వస్తుంది. రాకపోవచ్చు కూడా.

"అన్నా" అంది.

అతను డబ్బా అందుకున్నాడు. మూత తీసి చూశాడు. గోధుమలను వేళ్ళతో కలియబెట్టి, ఒక రాయి కనిపిస్తే ఏరి పడేశాడు. అందరి గోధుమలకూ చేసినట్టే.

"మెత్తగ పట్టాల్నా, బరక పట్టాల్నా మేడం?" అన్నాడు.

 వెనక గిర్ని తిరుగుతూనే ఉంది.

"మెత్తగ" అంది అక్షిత.

"మంచిది. మీ ముందల ముగ్గురున్నరు. కూసోండ్రి" అని అతను డబ్బాను వరుసలో ఆఖరున పెట్టాడు.